అడవిని కోసిన ఊరే అడవిని నాటింది

ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద సామిల్లు ఆ ఊరిదే. మిల్లు కోసం పుట్టి, మిల్లు చెప్పినట్టే పెరిగి, మిల్లు మూతపడ్డాక కూడా నిలబడ్డ ఊరది. అమెరికా దక్షిణాదిన, లూసియానా రాష్ట్రంలో ఉన్న బోగలూసా కథ ఇది.

ఊళ్లు ఎలా పుడతాయి? ఏటి ఒడ్డునో, చెరువు గట్టునో, గుడి చుట్టూనో, సంత సాగే కూడలిలోనో పుడతాయి. ముందు నాలుగు ఇళ్లు, తరువాత ఓ వీధి, ఆ తరువాత ఓ బడి... అలా తరాలపాటు మెల్లగా ఎదుగుతాయి. బోగలూసాకు అంత తీరిక లేకపోయింది. ఆ ఊరు ఒక రంపం చుట్టూ పుట్టింది. 1906 దాకా అక్కడున్నది దాదాపుగా అడవే. 1908 నాటికి మిల్లు కూత పెట్టింది. రైలు వచ్చింది. వరసగా ఇళ్లు లేచాయి. చూస్తుండగానే ఊరు తయారవడంతో దానికి ‘మ్యాజిక్ సిటీ’ అని ముద్దుపేరు పెట్టారు. అసలు పేరు మాత్రం పాతదే. అక్కడి ఆదివాసులైన చొక్టా తెగవాళ్ల మాటల్లో ‘బోగ్ లూసా’ అంటే నల్లనీటి వాగు. ఊరి మధ్య నుంచి పారే వాగు పేరే ఊరికీ వచ్చింది.

బఫెలో నుంచి వచ్చిన అన్నదమ్ములు

ఈ మ్యాజిక్ వెనక ఉన్నవాళ్లు న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరానికి చెందిన ఫ్రాంక్ గుడ్‌ఇయర్, చార్లెస్ గుడ్‌ఇయర్ అనే అన్నదమ్ములు. టైర్ల కంపెనీ పేరులో ఉన్న గుడ్‌ఇయర్ వేరు, వీళ్లు వేరు. వీళ్లది కలప వ్యాపారం. పెన్సిల్వేనియాలో హెమ్‌లాక్ చెట్లు నరికించి, రైళ్లలో తరలించి బాగా గడించారు. అయితే నరికే చెట్టు ఏదో ఒకరోజు అయిపోతుంది కదా! అక్కడి అడవి పలచబడేసరికి వీళ్ల చూపు దక్షిణాది మీద పడింది.

దక్షిణాదిన అప్పటికి ఉన్నది మామూలు అడవి కాదు. లాంగ్‌లీఫ్ పైన్ అనే చెట్టు. పేరుకు తగ్గట్టే ఆకులు అడుగు పొడవున సూదుల్లా ఉంటాయి. నిటారుగా పెరుగుతుంది. కలపలో జిగురు ఎక్కువ కాబట్టి తొందరగా పుచ్చదు. దూలాలకీ, ఇంటి నేలకు పరిచే పలకలకీ, ఓడల కొయ్యలకీ పెట్టింది పేరు. ఒకప్పుడు ఈ చెట్లున్న అడవులు వర్జీనియా నుంచి టెక్సాస్ వరకు దాదాపు 9 కోట్ల ఎకరాల్లో పరుచుకుని ఉండేవి. మన రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపినా అంత విస్తీర్ణం రాదు.

గుడ్‌ఇయర్ సోదరులు ‘గ్రేట్ సదరన్ లంబర్ కంపెనీ’ పెట్టి లక్షల ఎకరాల అడవి కొన్నారు. కలప తరలించడానికి సొంతంగా రైలుమార్గం వేయించారు. న్యూ ఆర్లీన్స్‌కు ఉత్తరాన సుమారు 110 కిలోమీటర్ల దూరంలో, పెర్ల్ నదికి దగ్గరగా, మిల్లు కట్టారు. ఫ్రాంక్ ఆ మిల్లు తిరగడం చూడకుండానే 1907లో చనిపోయారు. చార్లెస్ 1911లో పోయారు. వాళ్లు మొదలుపెట్టిన రంపం మాత్రం ఆగలేదు.

ఒక్క రోజు కోత... విజయవాడ నుంచి హైదరాబాద్

మిల్లు సామర్థ్యం రోజుకు 10 లక్షల బోర్డు అడుగులు. బోర్డు అడుగు అంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న చెక్క. లెక్క సులువుగా అర్థం కావాలంటే ఇలా అనుకోవచ్చు. రాత్రింబవళ్లు కోసిన ఆ ఒక్కరోజు చెక్కను అడుగు వెడల్పున రోడ్డు మీద పరుచుకుంటూ పోతే విజయవాడలో మొదలుపెట్టి హైదరాబాద్ దాటి ఇంకా ముందుకు వెళ్లొచ్చు. అక్షరాలా 300 కిలోమీటర్లకు పైనే. మర్నాడు మళ్లీ అంత. ఆ మర్నాడు మళ్లీ అంత.

దీనికి కావలసిన దుంగల్ని అడవి నుంచి మోసుకొచ్చే పద్ధతి కూడా మొరటుగానే ఉండేది. ఆ రోజుల్లో దక్షిణాది అడవుల్లో ఆవిరితో నడిచే యంత్రాలు ఉక్కు తాళ్లతో దుంగల్ని రైలు పట్టాల దాకా ఈడ్చేవి. దుంగ వచ్చే దారిలో ఉన్న లేత చెట్లన్నీ నలిగిపోయేవి. పెద్ద చెట్టు మిల్లుకు పోయింది, పిల్ల చెట్టు మట్టిలో కలిసింది. వెనక మిగిలింది మొద్దులు. చుట్టుపక్కల ఎన్నో కలప ఊళ్లు ఇలాగే వెలిగి, చెట్లు అయిపోగానే మాయమయ్యాయి. యంత్రాలు విప్పి మరో చోటికి తీసుకుపోయేవారు. ఇళ్లు పాడుబడేవి. బోగలూసాకూ అదే రాసిపెట్టి ఉందని చాలామంది అనుకున్నారు.

మేనేజరే మేయరు

ఊరిని నడిపింది విలియం సలివన్. మిల్లుకు జనరల్ మేనేజరు. 1914లో బోగలూసాకు పట్టణ హోదా వచ్చినప్పుడు మేయరూ ఆయనే అయ్యారు. 1929లో చనిపోయేదాకా ఆ కుర్చీ ఆయనదే. జీతం ఇచ్చేది ఆయన. పన్ను వేసేది ఆయన. పోలీసులు జవాబు చెప్పుకునేదీ ఆయనకే. ఇళ్లు కంపెనీవి. వాటిని కూడా తెల్లవాళ్లకు ఒకవైపు, నల్లజాతివాళ్లకు మరోవైపు విడివిడిగా కట్టారు. ఒకే మిల్లులో పక్కపక్కన చెమటోడ్చినా సాయంత్రం కూత మోగాక ఎవరి వాడ వారిదే.

ఆ గీతను చెరిపే ప్రయత్నం ఒకటి 1919లో జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసింది. ధరలు పెరిగాయి. కూలి సరిపోక కార్మికులు యూనియన్ పెట్టుకున్నారు. అందులో వింతేముంది అనిపించొచ్చు. దక్షిణాదిన ఆ రోజుల్లో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకే మాట మీద నిలబడటమే పెద్ద వింత. నల్లజాతి కార్మికుల యూనియన్‌కు సాల్ డేకస్ నాయకుడు. తెల్ల కార్మికుల నాయకుల్లో లమ్ విలియమ్స్ ముఖ్యుడు. కంపెనీ పక్షాన నిలిచినవాళ్లు ‘లాయల్టీ లీగ్’ పేరుతో తుపాకులు పట్టారు.

1919 నవంబర్ 21 రాత్రి ఆ మూక డేకస్ ఇంటి మీద పడింది. ఆయన తప్పించుకుని చిత్తడి అడవిలో దాక్కున్నారు. మర్నాడు ఇద్దరు తెల్ల కార్మికులు తుపాకులు పట్టుకుని డేకస్‌కు చెరోవైపు నిలబడి, పట్టపగలు ఊరి వీధిలోంచి నడిపించుకుంటూ విలియమ్స్ గ్యారేజీకి తీసుకొచ్చారు. ఊరంతా చూసింది. కాసేపటికే లీగ్ మనుషులు గ్యారేజీని చుట్టుముట్టి కాల్పులు జరిపారు. విలియమ్స్‌తో పాటు నలుగురు తెల్ల కార్మికులు చనిపోయారు. డేకస్ మళ్లీ తప్పించుకుని ఊరు దాటిపోయారు. హత్యలకు ఎవరికీ శిక్ష పడలేదు. యూనియన్ అక్కడితో చితికిపోయింది. ఒక నల్లజాతి సహచరుణ్ని కాపాడబోయి నలుగురు తెల్లవాళ్లు ప్రాణాలివ్వడం దక్షిణాది కార్మికుల చరిత్రలో చాలా అరుదైన సంగతి. ఆ నాలుగు ప్రాణాల సంగతి తరువాతి తరాల చదువుల్లో ఎక్కువగా కనిపించదు.

నారు పోసి... అడవి నాటి

ఆ మరుసటి ఏడాదే, 1920లో, అదే కంపెనీ ఇంకో పని మొదలుపెట్టింది. ఈసారి మంచిపని. నరికిన నేలలో మళ్లీ చెట్లు పెంచడం.

ఇది దయతో చేసిన పని కాదు, లెక్కతో చేసింది. ఉన్న అడవి మరో పాతికేళ్లకు మించి రాదని కంపెనీకి తెలుసు. ఇంకోవైపు కాగితం తయారీ అందుబాటులోకి వచ్చింది. దక్షిణాది పైన్‌లో జిగురు ఎక్కువ కావడంతో దాంతో కాగితం చేయడం కష్టమయ్యేది. సల్ఫేట్ పద్ధతి వచ్చాక ఆ చిక్కు తీరింది. తెల్లగా ఉండదు గానీ గట్టిగా ఉంటుంది. అదే క్రాఫ్ట్ కాగితం. జర్మన్ మాటలో క్రాఫ్ట్ అంటే బలం. కిరాణా కొట్టు సంచీలకీ, అట్టపెట్టెలకీ వాడే గోధుమరంగు కాగితం ఇదే. దూలానికైతే వందల ఏళ్ల చెట్టు కావాలి. కాగితానికి ఇరవై, పాతికేళ్ల చెట్టు చాలు. అంటే చెట్టును పంటలా పండించొచ్చన్నమాట! అదే రాష్ట్రంలోని యురేనియా అనే ఊళ్లో హెన్రీ హార్ట్‌నర్ అనే మిల్లు యజమాని అప్పటికే కోసిన నేలలో మళ్లీ అడవిని మొలిపించి చూపించారు. ఆ దారి కనిపిస్తూనే ఉంది.

అయితే పైన్ నారు ఎలా పోయాలి? ఎప్పుడు పీకాలి? ఎంత లోతున నాటాలి? ఎవరికీ తెలియదు. బోగలూసాలో బేట్‌మన్ అనే అటవీ రేంజరు నేలమీద కూర్చుని ఒక్కొక్కటే నేర్చుకున్నారు. నారుమళ్లు వేశారు. గునపం లాంటి పలుగును నేలలో దింపి, సందులో మొక్క పెట్టి, పక్కన మళ్లీ గుచ్చి మట్టి బిగించే పద్ధతికి రూపమిచ్చారు. వరినాట్లు తెలిసిన చేతులకు ఇందులో కొత్తేమీ కనిపించకపోవచ్చు. అడవిని నాటొచ్చన్న ఆలోచనే అప్పుడక్కడ కొత్త.

ఇంకో శత్రువు కూడా ఉండేది. ఊరపందులు! లాంగ్‌లీఫ్ మొక్కకు చిన్నప్పుడు వేరు లావుగా, మెత్తగా ఉంటుంది. దాని రుచి మరిగిన పందులు తోటల్లో పడి మొక్కల్ని వరసగా పెకలించి తినేవి. మైళ్ల పొడవున కంచెలు కట్టక తప్పలేదు. అందుకే లాంగ్‌లీఫ్ బదులు తొందరగా పెరిగే లాబ్‌లోలీ, స్లాష్ రకాల పైన్ ఎక్కువగా నాటారు. 1920ల్లో వేల ఎకరాలు ఇలా పచ్చబడ్డాయి. ప్రభుత్వ అటవీ పరిశోధకుడు ఫిలిప్ వేక్‌లీ ఇక్కడే ప్రయోగాలు చేసి, అనుభవాన్నంతా 1954లో ఓ పుస్తకంగా వెలువరించారు. దక్షిణాదిన పైన్ నాటేవాళ్లకు తరువాత అదే పెద్దబాలశిక్ష అయింది.

ఈ కాలమంతా కంపెనీ అధ్యక్షుడు చార్లెస్ కొడుకు ఆన్సన్ కాంగర్ గుడ్‌ఇయర్. 1929లో న్యూయార్క్‌లో మొదలైన ప్రఖ్యాత ‘మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్’కు తొలి అధ్యక్షుడూ ఆయనే. లూసియానా దుంగలకూ, న్యూయార్క్ బొమ్మలకూ ఉన్న చుట్టరికం అది.

1938లో పాత అడవి అయిపోయింది. పెద్ద సామిల్లు మూతపడింది. ఊరు మాత్రం మూతపడలేదు. కాగితం మిల్లు ఉంది. దానికి కావలసిన చెట్లు చుట్టూ ఎదుగుతున్నాయి.

కాగితం మిల్లులో రెండు వరసలు

మిల్లు చేతులు మారుతూ వచ్చింది. గేలార్డ్ కంపెనీ నుంచి 1955లో క్రౌన్ జెల్లర్‌బాక్ కంపెనీకి వెళ్లింది. 1960 నాటికి ఊళ్లో జనాభా 21 వేలు దాటింది. మారనిది ఒక్కటే. మంచి ఉద్యోగాలు తెల్లవాళ్లకు, బరువు పనులు నల్లవాళ్లకు. యూనియన్లూ రెండు. తెల్లవాళ్లది లోకల్ 189, నల్లవాళ్లది లోకల్ 189-ఏ. 1919లో ఒకటి కాబోయినవాళ్లు నలభై ఏళ్ల తరువాత కాగితాల మీద కూడా విడిగానే ఉన్నారు.

1964లో అమెరికా పౌరహక్కుల చట్టం వచ్చింది. చట్టమైతే వచ్చింది గానీ బోగలూసా దాకా రాలేదు. కు క్లక్స్ క్లాన్ ముఠా అక్కడ ఎంత బలంగా ఉండేదంటే పత్రికలు దాన్ని ‘క్లాన్‌టౌన్’ అని రాశాయి. 1965 ఫిబ్రవరిలో ఓ రాత్రి, మిల్లు ఉద్యోగి రాబర్ట్ హిక్స్ ఇంటికి పోలీసులు వచ్చారు. ఆ ఇంట్లో ఇద్దరు తెల్లజాతి పౌరహక్కుల కార్యకర్తలు అతిథులుగా ఉన్నారు. వాళ్లను పంపకపోతే క్లాన్ మూక వస్తుందన్నారు. కాపాడటానికి తామేమీ చేయలేమన్నట్టు మాట్లాడారు. హిక్స్, ఆయన భార్య వలేరియా ఇరుగుపొరుగుకు ఫోన్లు చేశారు. కాసేపట్లో తుపాకులతో జనం వచ్చి ఇంటికి కాపలా కాశారు. మూక రాలేదు. అదే నెలలో ‘డీకన్స్ ఫర్ డిఫెన్స్ అండ్ జస్టిస్’ అనే ఆత్మరక్షణ సంఘం శాఖ అక్కడ మొదలైంది. అంతకుముందు ఏడాది అదే రాష్ట్రంలోని జోన్స్‌బరోలో పుట్టిన సంఘమది.

అదే ఏడాది జూన్ 2న జిల్లా పోలీసుల్లో చేరిన తొలి నల్లజాతి డిప్యూటీల్లో ఒకరైన ఓనీల్ మూర్‌ను గస్తీ కారులో ఉండగానే కాల్చి చంపారు. పక్కనున్న క్రీడ్ రోజర్స్ కన్ను పోయింది. ఆ హత్యకు ఎవరికీ శిక్ష పడలేదు. అయినా ఊరేగింపులు ఆగలేదు. హిక్స్ కోర్టుకు వెళ్లారు. 1965 జూలైలో ఫెడరల్ జడ్జి హెర్బర్ట్ క్రిస్టెన్‌బెరీ ఊరి పోలీసుల్ని పిలిచి, ఉద్యమకారుల్ని కొట్టడం కాదు, కాపాడాలని ఆదేశించారు. ఆ డిసెంబర్‌లో క్లాన్ మీదే ఆంక్షలు పడ్డాయి.

మిల్లు సంగతి అన్నిటికన్నా ఆలస్యంగా తేలింది. పైకి రెండు వరసలూ కలిపేశామన్నారు. కానీ ప్రమోషన్‌కు ‘ఆ పనిలో ఎన్నేళ్లున్నావు’ అనేదే లెక్క. ఆ పనిలోకి నల్లవాళ్లను రానిస్తే కదా ఏళ్లు లెక్కపెట్టడానికి! పాతికేళ్ల అనుభవమున్నవాడు కూడా కొత్తవాడి వెనకే నిలబడాలి. 1968లో ఫెడరల్ కోర్టు ఈ పద్ధతి చెల్లదంది. మిల్లులో మొత్తం ఎన్నేళ్లు పనిచేశారన్నదే చూడాలంది. 1969లో పైకోర్టులో న్యాయమూర్తి జాన్ మైనర్ విజ్డమ్ దాన్నే ఖాయం చేశారు. దేశంలోని ఎన్నో ఫ్యాక్టరీల్లో ఉద్యోగుల రాత మార్చిన తీర్పులకు అది మూలమైంది. సలివన్ కట్టిన ఊళ్లో కంపెనీ మాటకు పైమాట ఒకటుందని తేలడానికి అరవై ఏళ్లు పట్టింది.

వాగూ, గాలీ, కాగితం

మిల్లు మీద బతికే ఊరికి మిల్లు కష్టాలూ తప్పవు. 1995 అక్టోబర్ 23న మిల్లు ఆవరణలోని రసాయన కర్మాగారం దగ్గర ఓ రైలు ట్యాంకరు పేలి, నైట్రోజన్ టెట్రాక్సైడ్ వాయువు ఎర్రటి మబ్బులా ఊరిని కమ్మేసింది. వేలమంది ఆసుపత్రులకు పరుగెత్తారు. 2005 ఆగస్టు 29న కత్రినా తుపాను వచ్చినప్పుడు పైన్ చెట్లు ఇళ్ల మీద విరిగిపడ్డాయి. 2011 ఆగస్టులో కాగితం మిల్లు నుంచి ‘బ్లాక్ లిక్కర్’ అనే నల్లటి వ్యర్థద్రవం పెర్ల్ నదిలో కలిసి లక్షల చేపలు చచ్చి తేలాయి. నల్లనీరు అని పేరు పెట్టుకున్న ఊరికి అది మరీ చేదు సంగతి.

ఆ మిల్లు అప్పుడు టెంపుల్-ఇన్‌లాండ్ కంపెనీది. 2012లో ఆ కంపెనీని ఇంటర్నేషనల్ పేపర్ కొనేసింది. ఈ పేరు ఎక్కడో విన్నట్టుందా? 2011లో రాజమండ్రిలోని ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్స్‌ను కొన్నదీ అదే కంపెనీ. 2019లో వెస్ట్‌కోస్ట్ పేపర్ మిల్స్‌కు అమ్మేదాకా గోదావరి ఒడ్డున ఉన్న మిల్లూ, పెర్ల్ నది ఒడ్డున ఉన్న మిల్లూ ఒకే యజమానివన్నమాట. ఇంకో పోలికా ఉంది. రాజమండ్రి మిల్లుకు కావలసిన సరుగుడు, సుబాబుల్ కర్రను రైతులు పొలాల్లో నాటి పెంచుతున్నారు. కాగితం కావాలంటే చెట్టును పంటలా నాటుకోవాలన్న పాఠం అక్కడా ఇక్కడా ఒక్కటే.

2020 లెక్కల ప్రకారం బోగలూసా జనాభా 10,600 పైచిలుకు. ఆరు దశాబ్దాల్లో సగమైంది. అయినా ఆ ఊరి పేరు చెప్పుకోవడానికి చాలామందే ఉన్నారు. న్యూ ఆర్లీన్స్ పియానో సంగీతానికి దారి చూపిన ప్రొఫెసర్ లాంగ్‌హెయిర్ 1918లో పుట్టింది ఇక్కడే. వడ్రంగి కొడుకుగా ఇక్కడే పుట్టిన యూసెఫ్ కొమున్యాకా 1994లో కవిత్వానికి పులిట్జర్ బహుమతి అందుకున్నారు. ఆ బహుమతి పొందిన తొలి నల్లజాతి పురుషుడు ఆయనే. తన ఊరి బాల్యం మీద రాసిన కవితల సంపుటికి ఆయన పెట్టుకున్న పేరు ‘మ్యాజిక్ సిటీ’.

2010లో రాబర్ట్ హిక్స్ కన్నుమూశారు. ఇరుగుపొరుగు కాపలా కాసిన ఆయన ఇల్లు 2015లో అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కింది. మిల్లు మేనేజరు సలివన్ ఇల్లూ అదే జాబితాలో ఉంది. ఊరిని కట్టినాయన ఇల్లూ, ఆ ఊళ్లో అందరికీ చోటుండాలని నిలబడినాయన ఇల్లూ ఇప్పుడు ఒకే పుస్తకంలో రెండు పేర్లు.

ఇక లాంగ్‌లీఫ్ అడవి? 9 కోట్ల ఎకరాల్లో 1990ల నాటికి మిగిలింది మూడు శాతం దాకా. ఇప్పుడు దక్షిణాది రాష్ట్రాల్లో మళ్లీ నాటుతున్నారు. ఈ మొక్కకో విచిత్రమైన అలవాటుంది. నాటాక కొన్నేళ్లపాటు గడ్డి దుబ్బులాగే ఉంటుంది. ఎదుగూ బొదుగూ లేదనిపిస్తుంది. ఆ ఏళ్లన్నీ అది నేలలోకి వేరు దించుకుంటూ ఉంటుంది. వేరు కుదురుకున్నాకే పైకి లేస్తుంది. రోజుకు 10 లక్షల అడుగులు కోయడానికి మిల్లుకు రెండేళ్ల ఏర్పాటు చాలింది. కోసినదాన్ని తిరిగి నిలబెట్టడానికి మాత్రం మనవళ్ల కాలం దాకా ఓపిక కావాలి.